ఎల్లోస్టోన్‌కి అత్తమామలతో వెళ్తే గది ఎక్కడ తీసుకోవాలి?

ప్రశ్న: అక్కా, మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అత్తయ్యగారు, మావయ్యగారు భీమవరం నుంచి వచ్చారు. జులై మూడో వారంలో వాళ్లనీ, మా ఇద్దరు పిల్లల్నీ (9 ఏళ్లు, 5 ఏళ్లు) తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌కి వెళ్దామనుకుంటున్నాం. మొత్తం ఐదు రాత్రులు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, బయటి తిండి పడదు. మావయ్యకి బీపీ ఉంది, రాత్రి రెండు మూడు సార్లు బాత్రూమ్‌కి లేస్తారు. మావారు కోడీ అనే ఊళ్లో వంటగది ఉన్న ఇల్లు ఒకటి చూశారు. చవకగా వస్తోంది, పైగా "పార్కు గేటుకి 52 మైళ్లే, గంట ప్రయాణం" అంటున్నారు. నా ఫ్రెండేమో పార్కు లోపల ఉండకపోతే అసలు వెళ్లడమే దండగ అంటోంది. లోపల చూస్తే ఆ వారమంతా నిండిపోయినట్టు చూపిస్తోంది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

సమాధానం:

మీవారు చెప్పిన 52 మైళ్ల లెక్క దాదాపు సరిగ్గానే ఉంది. కాకపోతే అది గేటు దాకా. అలిపిరి చేరితే దర్శనం అయినట్టా? ఎల్లోస్టోన్‌లో గేటు దాటాకే అసలు ప్రయాణం మొదలవుతుంది. ఈ పార్కు దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే కాస్త పెద్దది. కృష్ణా జిల్లా చూడ్డానికి వచ్చి కోదాడలో గది తీసుకున్నాం, పొలిమేర ఎంతో దూరం లేదు అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కోడీ నుంచి లెక్క వేద్దాం. తూర్పు గేటు దాకా 52 మైళ్లు. అక్కణ్నుంచి 8,500 అడుగుల ఎత్తున్న సిల్వాన్ పాస్ అనే కనుమ దాటుకుని పార్కు లోపలి ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోటు దాకా 27 మైళ్లు. అక్కణ్నుంచి ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డున వెస్ట్ థంబ్‌కి 21. మళ్లీ అక్కణ్నుంచి, భూమిలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే పేరున్న గీజర్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి 17. మొత్తం 117 మైళ్లు, ఒక వైపుకే. పార్కు లోపల స్పీడ్ లిమిట్ ఎక్కువ చోట్ల గంటకి 45 మైళ్లు. అది కూడా రోడ్డు మీద అడవిదున్నలు లేనప్పటి మాట. బైసన్ మంద రోడ్డెక్కిందంటే మన ఊళ్లో బర్రెల మంద ఎదురైనట్టే, హారన్ కొట్టినా లాభం లేదు, అసలు కొట్టకూడదు కూడా. అంటే మీ అత్తయ్యగారు నీళ్లు ఎగజిమ్మే గీజర్ చూడాలంటే కారులో మూడు గంటలు వెళ్లాలి, మూడు గంటలు రావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నడక కంటే కారులో కదలకుండా కూర్చోవడమే పెద్ద శిక్ష.

కోడీ చెడ్డ ఊరని కాదు సుమా. సౌత్ డకోటాలో మౌంట్ రష్‌మోర్ చూసుకుని తూర్పు నుంచి కారులో వచ్చేవాళ్లు ఒక రాత్రి ఆగడానికి బాగుంటుంది. ఐదు రాత్రులూ అక్కడే ఉండి రోజూ పార్కుకి తిరుగుదామంటేనే తంటా.

ఇదంతా మ్యాప్ చూసి చెప్తున్నది కాదు. సాల్ట్ లేక్ సిటీలో ఉంటాం కాబట్టి ఎల్లోస్టోన్‌కి ఏడుసార్లు వెళ్లాం, అందులో మూడుసార్లు పెద్దవాళ్లతో. మొదటిసారి మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లినప్పుడు మేం చేసింది అచ్చం మీవారి ప్లానే. గేటుకి గంట దూరంలో చవకైన హోటల్ తీసుకున్నాం. పొద్దున్నే బయల్దేరదామనుకున్నాం. టిఫిన్లు, స్నానాలు, నాన్నగారి పూజ అయ్యేసరికి ఎనిమిదిన్నర. పార్కులోకి వెళ్లి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చేరేసరికి పదకొండు దాటింది. పార్కింగ్ కోసం ముప్పావుగంట చక్కర్లు కొట్టాం. చివరికి చోటు దొరికి, వెనక్కి తిరిగి చూస్తే నాన్నగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆయన్ని లేపి నడిపించుకుని వెళ్లేసరికి గీజర్ ఎగజిమ్మడం అయిపోయి జనం తిరిగి వస్తున్నారు. అది రమారమి గంటన్నరకోసారి వస్తుంది కాబట్టి మళ్లీ అంతసేపూ ఎండలో బెంచీ మీద కూర్చున్నాం. రాత్రి చీకట్లో తిరిగొస్తుంటే రోడ్డు మధ్యలో ఎల్క్ అనే పెద్ద జింక నిలబడి ఉంది. మా ఆయన బ్రేకు వేసిన వేగానికి అమ్మ చేతిలో ఉన్న పెరుగు డబ్బా డాష్‌బోర్డ్ మీద పడింది. ఆ కారు తిరిగి ఇచ్చేదాకా అదే వాసన. ఇప్పటికీ ఎల్లోస్టోన్ అంటే మా నాన్నగారు "పార్కింగ్ బాగా కట్టారమ్మా" అంటారు.

ఆ తర్వాతి నుంచి పెద్దవాళ్లతో వెళ్తే నేను గది విషయంలో ఒక్కటే చూస్తున్నాను: మధ్యాహ్నం భోంచేసి ఆ గదికి వచ్చి గంటన్నర కునుకు తీసి, మళ్లీ సాయంత్రం బయటికి వెళ్లగలమా లేదా. జులైలో అక్కడ పొద్దున ఆరు లోపే తెల్లారుతుంది, రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. పదకొండు నుంచి నాలుగు దాకా ఎండ, జనం, పార్కింగ్ గొడవ. జంతువులు కనపడేది పొద్దున్న, సాయంత్రం. కాబట్టి ఆరున్నర నుంచి పదకొండు దాకా ఒక తిరుగుడు, నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంకో తిరుగుడు. మధ్యలో ఇంటికి. మీ ఐదేళ్ల చంటాడికీ, డెబ్బై దగ్గర పడ్డ మావయ్యగారికీ ఇద్దరికీ సరిపోయే టైమ్‌టేబుల్ ఇదొక్కటే. గది దూరంగా ఉంటే ఇది కుదరదు. గది ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకైనా సరే.

ఇక మీ ఫ్రెండ్ మాట. తిరుమలలో కొండ మీద గది దొరికితే ఆ సుఖమే వేరు, కాదని ఎవరంటారు? తెల్లవారుజామున నాలుగడుగులు వేస్తే గుడి. కానీ కొండ మీద దొరకనివాళ్లందరూ దర్శనం మానుకుంటున్నారా? కింద తిరుపతిలో సరైన చోట దిగితే హాయిగా వెళ్లొస్తారు. ఎల్లోస్టోన్‌లోనూ అంతే. లోపల తొమ్మిది చోట్ల లాడ్జీలున్నాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గరే మూడు, సరస్సు దగ్గర రెండు, కాన్యన్, గ్రాంట్ విలేజ్, మ్యామత్, రూజ్‌వెల్ట్ దగ్గర ఒక్కోటి. కొందరు ఏడాది కంటే ముందే బుక్ చేసేసుకుంటారు. మీకు నిండిపోయినట్టు కనపడటంలో వింతేమీ లేదు.

ఇంకో మాట. లోపల గది అనగానే మన మనసులో రిసార్ట్ మెదులుతుంది. అది కాదు. చాలా గదుల్లో టీవీ ఉండదు, ఏసీ ఉండదు. ఇంటర్నెట్ నత్తనడక, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. మీవారు ఆన్‌కాల్‌లో ఉండే ఉద్యోగమైతే ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. మావయ్యగారు రోజూ రాత్రి భీమవరం వాట్సాప్ కాల్ చేసే అలవాటున్నవారైతే ఆయనకీ ముందే చెప్పండి. వంటగది ఏ గదిలోనూ ఉండదు, గదిలో స్టవ్ పెట్టుకోవడానికి లేదు. ఒక్కో గదిలో రెండు మంచాలు, నలుగురికి సరిపోతాయి. మీరు ఆరుగురు కాబట్టి రెండు గదులు కావాలి. జులైలో రెండు గదులంటే రాత్రికి ఐదారు వందల డాలర్లు దాటడం మామూలే.

మీ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది మావయ్యగారి బాత్రూమ్. నవ్వకండి, ఇది చాలామంది చూసుకోకుండా పప్పులో కాలేసే చోటు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అని 1904లో తెరిచిన హోటల్ ఉంది. పెద్ద పెద్ద దుంగలతో కట్టింది, ఫొటోల్లో చూస్తే ప్రాణం లేచొస్తుంది. అందులో పాత భాగంలో కొన్ని గదులకి సొంత బాత్రూమ్ ఉండదు, వరండా చివరికి వెళ్లాలి. రూజ్‌వెల్ట్ దగ్గర చౌక క్యాబిన్లయితే ఇంకా ఘోరం. లోపల కట్టెల పొయ్యి మాత్రం ఉంటుంది, బాత్రూమ్‌కి తలుపు తీసుకుని చలిలో బయటికి నడవాలి. రాత్రి రెండింటికి బీపీ మాత్ర వేసుకున్న మనిషి టార్చ్‌లైట్ పట్టుకుని బయటికి వెళ్తే, ఎదురుగా తొమ్మిది వందల కిలోల బైసన్ గడ్డి మేస్తూ ఉండొచ్చు. కాబట్టి గది ఖాళీగా కనపడగానే సంబరపడి డబ్బు కట్టేయకండి. పేరు కింద రాసిన వివరంలో బాత్రూమ్ గదిలోనే ఉందా, బయటుందా చదవండి. తర్వాత కింది అంతస్తు కావాలని ఫోన్ చేసి అడగండి, అత్తయ్యగారి మోకాళ్ల కోసం.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్‌లో గది దొరకలేదని బాధపడనక్కర్లేదు. ఆ హాల్లోకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. కప్పు 76 అడుగుల ఎత్తు. మధ్యలో రాతి పొయ్యిగూడు, చుట్టూ కుర్చీలు. గీజర్ ఎప్పుడు ఎగజిమ్మొచ్చో అంచనా వేసిన టైమ్ అక్కడే రాసిపెడతారు, పది నిమిషాలు అటూ ఇటూ. అత్తయ్యగారిని అక్కడ కూర్చోబెట్టి, పది నిమిషాల ముందు బయటికి తీసుకెళ్తే సరిపోతుంది. గది అద్దె లేకుండా హోటల్ సుఖం.

మరి ఎక్కడ ఉండాలి అంటారా. మీకు నా సలహా: ఐదు రాత్రుల్ని రెండు ముక్కలు చేయండి. ఒకేచోట ఐదు రాత్రులూ వద్దు. పార్కులో ముఖ్యమైన రోడ్డు ఇంగ్లిష్ 8 అంకె ఆకారంలో ఉంటుంది, మొత్తం 142 మైళ్లు. ఏ ఒక్క చోట దిగినా ఆ ఎనిమిదిలో సగం దూరమైపోతుంది.

మొదటి మూడు రాత్రులు వెస్ట్ ఎల్లోస్టోన్‌లో దిగండి. ఇది మోంటానాలో పడమటి గేటుని ఆనుకునే ఉన్న చిన్న ఊరు. ఊరి చివర రోడ్డు ఎక్కితే అదే గేటు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి 30 మైళ్లు, కాన్యన్‌కి 40. ఊళ్లో కిరాణా కొట్లున్నాయి, వంటగది ఉన్న ఇళ్లు దొరుకుతాయి. కోడీ కంటే ధర ఎక్కువే. మీవారు గొణుగుతారు. కోడీ నుంచైతే రోజుకి రెండు వందల మైళ్లకి పైగా కారు నడిపే పెట్రోలు, మూడు నాలుగు గంటల అదనపు డ్రైవింగ్ లెక్కలో వేసి చూపించండి. డ్రైవ్ చేసేది ఆయనే కదా.

బుక్ చేసేటప్పుడు ఊరి పేరు జాగ్రత్త. చుట్టుపక్కల వంద మైళ్లలో ఏ హోటల్ బోర్డు చూసినా ఎల్లోస్టోన్ అనే పేరుంటుంది, మన దగ్గర తిరుపతి చుట్టూ ఉన్న ప్రతి లాడ్జీకీ వెంకటేశ్వరుడి పేరున్నట్టు. కొన్ని ఐడహోలో ఐలాండ్ పార్క్ వైపు ఉంటాయి, కొన్ని బిగ్ స్కై వైపు. మ్యాప్‌లో ఆ ఇంటి నుంచి గేటుకి కాదు, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ పార్కింగ్ దాకా దూరం చూడండి. ఐలాండ్ పార్క్ మరీ అంత చెడ్డది కాదు. వెస్ట్ ఎల్లోస్టోన్‌లో ఏమీ దొరక్కపోతే అక్కడ చూడొచ్చు, కానీ మధ్యాహ్నం కునుకు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"8 మంది పడుకోవచ్చు" అని రాసిన ఇల్లు చూసి మోసపోకండి. మేం ఒకసారి అలాంటిదే తీసుకున్నాం. వెళ్లి చూస్తే ఉన్నది ఒక పడకగది, హాల్లో మడత సోఫా, పైన అటక లాంటిది. ఆ అటక మీద నాలుగు పరుపులు. ఎక్కడానికి నిచ్చెన. మెట్లు కావు, నిచ్చెన. మా అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి "కొబ్బరిచెట్టు ఎక్కేవాణ్ని పిలిపించండి" అన్నారు. మూడు రాత్రులు పడకగది వాళ్లకిచ్చి మేం అటకెక్కాం. పొద్దున్నే మా ఆయన దిగేటప్పుడు తలకి దూలం తగిలి ఉబ్బిన బొప్పి ఫొటోలన్నిటిలోనూ ఉంది. ఫొటోల్లో ఇల్లు చూసేటప్పుడు మంచాలు ఏ గదిలో ఉన్నాయో లెక్కపెట్టండి, కింది అంతస్తులో బాత్రూమ్ ఉందో లేదో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

వంట సంగతికి వస్తాను, ఎందుకంటే అత్తయ్యగారు ఆనందంగా ఉంటేనే మీ ట్రిప్పు ఆనందంగా ఉంటుంది. వెస్ట్ ఎల్లోస్టోన్ 6,600 అడుగుల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో నీళ్లు వంద డిగ్రీల దగ్గర కాదు, సుమారు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. మీ ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఫ్రిస్కోలో వండినట్టు ఇక్కడ వండదు. అన్నం పైకి ఉడికినట్టే ఉంటుంది, తింటే మధ్యలో పలుకు. కందిపప్పు అయితే గంట మరిగినా గింజ గింజే. కాబట్టి చిన్న ప్రెషర్ కుక్కర్ సూట్‌కేసులో పడేయండి. బియ్యం అరగంట నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోసి, మామూలుగా కంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. పప్పుకి కంది కాకుండా పెసరపప్పు పట్టుకెళ్తే ఇంకా తేలిక.

పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకుంటే పార్కులో పిక్నిక్ బల్లల దగ్గర కూర్చుని తినొచ్చు. ఒక్క జాగ్రత్త, ఆహారం బల్ల మీద వదిలేసి ఫొటో కోసం పది అడుగులు కూడా పోకూడదు. ఎలుగుబంట్లకి మనిషి తిండి అలవాటైతే చివరికి వాటి ప్రాణానికే ముప్పు. అందుకే ఈ రూల్ గట్టిగా పాటిస్తారు. ఎలుగుబంటి దాకా ఎందుకు, అక్కడి రావెన్ కాకులు మన కాకికి పెద్దన్నలు. సంచి జిప్పు ముక్కుతో లాగి తీస్తాయి. మా జంతికల ప్యాకెట్ అలాగే పోయింది.

ఆఖరి రెండు రాత్రులకి పార్కు లోపల ప్రయత్నించండి, ముందు కాన్యన్‌లో, తర్వాత సరస్సు దగ్గర. మీరు నిండిపోయిందని వదిలేశారు. నిండిపోయినవి మళ్లీ ఖాళీ అవుతాయి. ఏడాది ముందు బుక్ చేసుకున్నవాళ్లలో ఎంతోమంది ప్రయాణం మార్చుకుంటారు. పార్కు లాడ్జీల సొంత వెబ్‌సైట్‌లో రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడండి. ఐదు రాత్రులకి కలిపి వెతికితే ఎప్పుడూ ఖాళీ లేదనే వస్తుంది. ఒక్కో రాత్రికి విడివిడిగా వెతకండి. ఒక గది ఇవాళ దొరికితే పట్టేసుకోండి, రెండోది వారం తర్వాత దొరకొచ్చు. మేం రెండేళ్ల కిందట కాన్యన్‌లో రెండు గదులు ఇలాగే పట్టాం, మధ్యలో పన్నెండు రోజుల తేడాతో. బుక్ చేసేటప్పుడు మీరు కూడా క్యాన్సిల్ రూల్స్ చదివి పెట్టుకోండి.

కాన్యనే ఎందుకంటే, అది ఆ 8 అంకె నడుము దగ్గర ఉంటుంది. కింద 308 అడుగుల జలపాతం కనపడే ఆర్టిస్ట్ పాయింట్‌కి పార్కింగ్ నుంచి నాలుగడుగులే, అత్తయ్యగారు హాయిగా నడుస్తారు. జలపాతం అంచుకి దిగే దారి మాత్రం వద్దు. దిగడం బాగానే ఉంటుంది, 600 అడుగుల ఎత్తు తిరిగి ఎక్కాలి. కాన్యన్ నుంచి సరస్సుకి వెళ్లే దారిలో హేడెన్ లోయ వస్తుంది. సాయంత్రం ఆరింటికి గది నుంచి బయల్దేరి పదిహేను నిమిషాల్లో అక్కడ కారు ఆపుకుంటే వందల బైసన్లు నది దాటుతూ కనపడొచ్చు. కారు దిగితే 25 గజాల దూరం తప్పనిసరి, ఎలుగులకీ తోడేళ్లకీ అయితే 100 గజాలు. కోడీలో ఉంటే ఆ సమయానికి మీరు తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి.

ఎత్తు గురించి కూడా ఆలోచించే ఈ వరస చెప్పాను. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాదాపు మన ఊటీ అంత ఎత్తు. కాన్యన్ ఇంకో ఐదు వందల అడుగులు పైన. సముద్రమట్టంలో పుట్టి పెరిగిన భీమవరం వాళ్లు దిగిన రోజే అక్కడ పడుకుంటే తలనొప్పి, ఆయాసం, నిద్రపట్టకపోవడం రావొచ్చు. మూడు రాత్రులు కాస్త కింద ఉండి తర్వాత పైకి వెళ్తే ఒళ్లు అలవాటు పడుతుంది. మావయ్యగారి డాక్టర్‌ని బయల్దేరే ముందు ఒక మాట అడగండి, ఎత్తు ఎంతో అంకె చెప్పి మరీ అడగండి. ఉత్త కొండ ప్రాంతం అంటే ఆ డాక్టర్ తిరుమల అనుకుంటాడు.

లోపల ఎంత వెతికినా దొరక్కపోతే ఆ రెండు రాత్రులూ ఉత్తరపు గేటు దగ్గర గార్డినర్‌లో దిగండి. మ్యామత్ వేడినీటి మెట్లు ఐదు మైళ్లే, కాన్యన్‌కి 38. ఎత్తు కూడా తక్కువ, 5,300 అడుగులు. పొద్దున లేచేసరికి ఎల్క్‌లు రోడ్డు మీద తిరుగుతూ కనపడటం అక్కడ రోజూ ఉండేదే. దక్షిణాన జాక్సన్ అందంగా ఉంటుంది కానీ జేబుకి చిల్లు, పైగా ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి 96 మైళ్లు. పక్కనున్న గ్రాండ్ టీటన్ పార్కు కూడా చూసేవాళ్లకి సరే, మీకు ఈసారి వద్దు. టెంట్ల మాట మీరు ఎత్తలేదు, నేనూ ఎత్తను.

దారి ఇలా పెట్టుకోండి. డల్లాస్ నుంచి విమానంలో బోజ్‌మన్, అక్కడ ఏడు సీట్ల వ్యాన్ అద్దెకి తీసుకుని 90 మైళ్లు వెస్ట్ ఎల్లోస్టోన్. ఊరు దాటకముందే బోజ్‌మన్‌లోని పెద్ద సూపర్‌మార్కెట్‌లో పెరుగు, కూరగాయలు, పాలు కొనేయండి. వెస్ట్ ఎల్లోస్టోన్‌లో దొరుకుతాయి కానీ ధర చూసి అత్తయ్యగారు రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకుంటారు. నాలుగో రోజు పొద్దున ఇల్లు ఖాళీ చేసి కాన్యన్‌కి వెళ్లండి. ఆఖరి రోజు వెనక్కి రాకుండా నారిస్, మ్యామత్ మీదుగా ఉత్తరపు గేటు దాటి గార్డినర్ నుంచి బోజ్‌మన్ చేరండి. వచ్చిన దారి చాలావరకు మళ్లీ తొక్కక్కర్లేదు, మ్యామత్ దారిలోనే అయిపోతుంది. కాన్యన్‌లో ఉన్న రెండు రోజులకి తిండికేం చేయాలంటారేమో. క్యాంటీన్లలో మాంసం లేనివి ఏవో ఒకటి దొరుకుతాయి, పిల్లలు ఫ్రైస్ తిని సంతోషిస్తారు. అత్తయ్యగారికి వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, అటుకుల ప్యాకెట్లు నాలుగు ఎక్కువ పెట్టండి. వేడినీళ్లు అడిగితే ఇస్తారు. కూలర్ బాక్సులో పెరుగు, మాగాయ ఉంటే రెండు రోజులు గడిచిపోతాయి. ఐస్ లోపల షాపుల్లో అమ్ముతారు.

కోడీ ఇల్లు ఇంకా బుక్ చేయకపోతే చేయకండి. చేసేసి ఉంటే ఎప్పటిలోగా క్యాన్సిల్ చేస్తే డబ్బు మొత్తం తిరిగొస్తుందో ఇవాళే చూడండి. ముందు వెస్ట్ ఎల్లోస్టోన్ ఇల్లు పట్టుకున్నాకే దాన్ని వదలండి. మీవారితో వాదించే పని కూడా లేదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి కోడీ నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అని ఆయన చేతే కొట్టించండి, పక్కన మావయ్యగారిని కూర్చోబెట్టి.

స్వెట్టర్లు సూట్‌కేసు అడుగున కాకుండా పైన పెట్టుకోండి. జులై అయినా అక్కడ రాత్రిపూట నాలుగైదు డిగ్రీలకి పడిపోతుంది, మీరు బోజ్‌మన్‌లో దిగేసరికి మాత్రం ఎండ మాడుస్తుంటుంది, అప్పుడు ఎవరూ నమ్మరు.